జనం లేని ఊరికి ఇద్దరు సభ్యులు

ప్రజాస్వామ్యానికి వచ్చే చిక్కులన్నీ ప్రజల వల్లనే వస్తాయన్న సత్యాన్ని ఇంగ్లాండు పెద్దలు మనకంటే చాలా ముందే గ్రహించారు. విల్ట్‌షైర్‌లో సాలిస్‌బరీకి ఉత్తరాన ఉన్న ఓల్డ్ సేరం గుట్టే అందుకు సాక్ష్యం. ఒకప్పుడు అక్కడ కోట, పెద్ద చర్చి, వాటిని అంటిపెట్టుకుని ఊరు ఉండేవి. చర్చిని 1092లో ప్రతిష్ఠించిన 5 రోజులకే గాలివాన దెబ్బతీసింది. నీళ్లు చాలవనీ, ఈదురుగాలిలో ప్రార్థనలు వినబడవనీ, కోట సైనికులతో వేగలేమనీ మొరపెట్టుకున్న మతగురువులు 1220లో దిగువ మైదానంలో కొత్త చర్చికి పునాది వేసుకున్నారు. క్రమంగా ఊరు దిగిపోయింది, పాత చర్చి రాళ్లూ దిగిపోయాయి. దిగిరానివి పార్లమెంటులోని రెండు స్థానాలు మాత్రమే.

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనం నవ్వుకుంటాం గానీ, ఆ సోమలింగాలు ఇద్దరూ లండన్‌లో చట్టాలు చేశారు. ఓటు హక్కు నేలచెక్కలను బట్టి వచ్చేది కాబట్టి, చెక్కలు ఎవరివో సభ్యులూ వారివారే. 1831లో ఓటర్లు 11 మంది, వారూ అక్కడ కాపురమున్నవారు కారు. పోలింగు పొలంలో ఒక చెట్టు కింద జరిగేది. రోడ్డు అడిగే గొంతు లేదు, బోరు ముందు నిలబెట్టే బిందె లేదు. జనంతో కిటకిటలాడే మాంచెస్టరుకు అప్పటికి ఒక్క సభ్యుడూ లేడు. అన్ని ఫిర్యాదులున్న చోటికి ప్రాతినిధ్యం ఇవ్వడం శ్రేయస్కరం కాదు మరి.

ఈ గుట్టను 1691లో కొన్న థామస్ పిట్ మనకు కొత్తవాడు కాడు. ఈస్టిండియా కంపెనీ గుత్తాధిపత్యాన్ని లెక్కచేయకుండా బంగాళాఖాతం తీరంలో వ్యాపారం చేసినందుకు కంపెనీ ఇతనికి జరిమానా వేసింది, తరువాత ఆ ప్రతిభకు మెచ్చి కాబోలు 1698లో మద్రాసు గవర్నరును చేసింది. కృష్ణాతీరపు కొల్లూరు గనిలో దొరికిందని చెప్పే 410 క్యారెట్ల వజ్రాన్ని ఇతడు 48,000 వరహాలకు కొని, 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి అమ్మాడు. గుట్టను మాత్రం అమ్మలేదు. 1735లో మనవడు విలియం పిట్ దాని మీదుగానే పార్లమెంటులో అడుగుపెట్టి, ఆనక ప్రధాని కూడా అయ్యాడు.

1832 సంస్కరణ చట్టం ఓల్డ్ సేరం స్థానాలను రద్దు చేసినప్పుడు అక్కడ నిరసన తెలపడానికి గొర్రెలు తప్ప ఎవరూ లేరు. కొల్లూరు గని ఇప్పుడు పులిచింతల జలాశయం అడుగున ఉంది. పాత లెక్క ప్రకారం దానికీ ఇద్దరు సభ్యులు రావలసి ఉంది; తాగునీటి సమస్య కూడా లేని నియోజకవర్గం కాబట్టి, టికెట్టుకు గట్టి పోటీ ఉంటుందని నా అంచనా.