మా సమాధుల్ని కాపాడింది మా బద్ధకమే, కాస్త గుర్తించండి

మా కుటుంబం సమాధుల స్థలం పాడుబడిపోయిందని చుట్టాలు తెగ బాధపడిపోతున్నారు గానీ నేను ఒప్పుకోను. పాడుబడలేదండీ, భద్రంగా ఉంది. 40 ఏళ్ళుగా ఒక్కడూ అటు తొంగిచూడకుండా మేమంతా ఒక్కమాట మీద నిలబడ్డాం, ఆస్తి పంపకాలప్పుడు కూడా మాలో అంత ఐకమత్యం కనబడలేదు. ఆ ముళ్ళకంపే కంచె, ఆ తుప్పలే వాచ్‌మెన్‌లు, జీతం కూడా అడగలేదు.

అసలు సమాధి రాయికి శత్రువు ఎవరంటే ఎండా కాదు వానా కాదు (సరే, పాలరాయి మీద యాసిడ్ వాన పడితే పేరు కాస్తా వాడేసిన సబ్బుబిళ్ళ మీద అక్షరాల్లా అయిపోతుంది, అది వేరే సంగతి). ఉన్నట్టుండి ఒక ఆదివారం పూర్వీకుల మీద ప్రేమ పొంగుకొచ్చిన మనవడు, వాడండీ అసలు శత్రువు. ఒక చేతిలో ఇనప బ్రష్షు, ఇంకో చేతిలో బ్లీచింగు డబ్బా. నాచు పోయేదాకా గీకుతాడు, నాచుతో పాటు పేరూ పోతుంది, ఎవరిదో తెలీకపోయినా రాయి మాత్రం తళతళలాడుతుంది. ఇంకొకడు వెనిగర్ పోస్తాడు, పాలరాయంటే కాల్షియం కార్బొనేటే కాబట్టి అది బుసబుసమని పొంగుతుంటే మురికి వదులుతోందని మురిసిపోతాడు, వదిలేది రాయిరా నాయనా. అక్షరాలు తేటగా కనబడాలని షేవింగ్ క్రీమ్ పూసేవాళ్ళు కూడా ఉన్నారు, పోయాక కూడా ఆ పెద్దాయనకి గడ్డం బాధ తప్పలేదు. మేం ఈ పాపాలేవీ చెయ్యలేదు, ఎందుకంటే మేం అసలు వెళ్ళలేదు.

కానీ ఈమధ్య అందరికీ రికార్డుల పిచ్చి పట్టింది. 1995లో ఫైండ్ ఎ గ్రేవ్ అని సమాధుల వివరాలు పెట్టే ఒక సైటు మొదలైంది, 2011లో బిలియన్‌గ్రేవ్స్ వచ్చింది, అది ఫొటోతో పాటు సమాధి ఎక్కడుందో జీపీఎస్ కూడా ఎక్కిస్తుంది. మనమూ ఎక్కిద్దాం అన్నాడు బాబాయి. ఫోను జీపీఎస్ ఆరుబయట కూడా ఓ 5 మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, మా స్థలంలో 5 మీటర్లంటే మూడు తరాలు. అందుకని టేపు పట్టుకుని గోడ మూల నుంచి కొలుచుకుంటూ కాగితం మీద బొమ్మ గీశాం.

అసలు గొడవ ముత్తాత దగ్గరొచ్చింది. మా వంశంలో మగాళ్ళంతా 80 దాటినవాళ్ళేనని మాకు పెద్ద గొప్ప, ఆ గొప్పకి ఆధారం ఆ రాయి మీదున్న 85. ఎదురెండలో చూస్తే 85 లాగే ఉంది. నేను అద్దం తీసుకుని పక్కగా మోకాళ్ళ మీద కూచుని, వెలుగు రాయి అంచు నుంచి అడ్డంగా జారేట్టు మెల్లగా తిప్పాను. గీతల్లో నీడ నిండింది. 8కి ఎడమవైపు అసలు చెక్కుడే లేదు, అక్కడున్నది ఎండిన లైకెన్ (రాళ్ళ మీద నాచులా పట్టేది) మచ్చ. 35.

బాబాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "ఆ మచ్చ కూడా ఫొటోలో పడేట్టు తియ్యరా" అన్నాడు. చూసింది రాయాలి, అనుకున్నది రాయకూడదు, రికార్డులో మొదటి రూలు అదే బాబాయ్ అన్నాను. చూసినవాడివి నువ్వొక్కడివే కదా అన్నాడు.

పెద్ద రాయున్న ఆయనకి ఐదుగురు వారసులు తేలారు, సెల్ఫీలు కూడా అయ్యాయి. మూలన పేరులేని ఉత్త బండరాళ్ళు మూడు, వాటి ముందు నేల మనిషి పొడుగున కుంగి ఉంది. కొలిచి, పక్కన "తెలియదు" అని రాస్తుంటే ఒక్కరూ అటు రాలేదు, వాళ్ళూ మనవాళ్ళే అయ్యుంటారన్న అత్తయ్య తప్ప.

ఆఖర్న మేం వివరాలు రాసుకుంటున్న ఫారంలో ఒక గడి మిగిలింది, "ప్రస్తుతం చూసుకుంటున్నవారు" అని. గట్టిగా చదివాను. చుట్టూ ఉన్నవాళ్ళంతా తలో అడుగు వెనక్కేశారు, వెనకాల ముళ్ళకంప గుచ్చుకుని ఆగారు.