మూకుట్లో మిగిలిన నూనె గారికి

మహారాజశ్రీ మూకుట్లో మిగిలిన నూనె గారి దివ్యసముఖానికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అనడం ఆనవాయితీ. తమరి కుశలానికి లోటు లేదని స్టవ్ పక్కన జల్లి మూత డబ్బాలో తమరి మట్టం చూస్తేనే తెలుస్తోంది. మా కుశలం సంగతి రక్తంలో కొవ్వుల లెక్క చెప్పే లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టు వచ్చాక రాస్తాం.

తమరి ఉద్యోగం పండగ ముందు వారంలో మొదలవుతుంది. మొదట జంతికలు. తర్వాత అరిసెలు. అరిసెను రెండు చెక్కల మధ్య ఒత్తితే కారిన చివరి బొట్టు కూడా మళ్లీ మూకుట్లోకే. బెల్లం నలకలు మాడి తమరి ఛాయ కాస్త దిగుతుంది, అయినా ఎవరూ నొచ్చుకోరు. వడగట్టి పక్కన పెడితే మర్నాడు పూరీలు, ఆ మర్నాడు అప్పడాలు, ఆపైన వంకాయ వేపుడు, చారులో పోపు. అడుగున మడ్డి తేలేదాకా వచ్చాక కూడా సగం ఉల్లిపాయను తమరిలో ముంచి దోసె పెనం మీద రుద్దుతారు. గవర్నమెంటు ఉద్యోగికైనా ఏదో ఒక రోజు రిటైర్మెంటు ఉంటుంది. తమరికి మాత్రం ఎక్స్‌టెన్షన్ మీద ఎక్స్‌టెన్షన్.

ఇంట్లో తమరికి ప్రవేశం లేని గది ఒక్కటే, పూజగది. అక్కడ దీపంలోకి కొత్త నువ్వుల నూనె, అదీ అప్పుడే సీల్ తీసింది. వాడిన నూనెతో దీపం పెడితే అపచారమట. అదే నూనెతో ఇంటిల్లిపాదికీ బజ్జీలు వేస్తే మాత్రం పొదుపు! దేవుడి ప్రమిద మీదున్న పట్టింపు మనిషి గుండె మీద ఎందుకు లేదని ఒకసారి అడిగాను. "దేవుడికి ఎంగిలి పెడతామా?" అన్నారు. జవాబు బాగానే ఉంది. మాకు పెట్టడం గురించి మాత్రం అందులో ఏమీ లేదు.

మా వీధిలో ఒక పెద్దాయనకు స్టెంటు వేసి ఇంటికి పంపారు. పరామర్శకు జనం బారులు తీరారు. వచ్చినవాళ్లను ఉత్తినే పంపకూడదు కదా, వేడివేడి పునుగులు. తమరే స్వయంగా వచ్చి మర్యాదలు చేశారు. ఆ పునుగులు నమిలినవాళ్లంతా కలిసి ఆయన గుండెపోటుకు కారణం తేల్చారు: టెన్షన్. ఒకాయన వంశపారంపర్యం అన్నాడు. ఇంకొకావిడ దిష్టి అంది. ప్లేటులో ఉన్న తమరి వంక ఒక్కరూ అనుమానంగా చూడలేదు. అంత నమ్మకం సంపాదించుకోవడం మాటలా? తమరొక్కరే ఆయన్ని ఆస్పత్రిపాలు చేశారని నేనూ అనను. సిగరెట్టుంది, బీపీ ఉంది, సుగరుంది, కూర్చున్న చోటు నుంచి లేవని కుర్చీ ఉంది. కానీ నిందితుల వరసలో నిలబడకుండానే ఎప్పుడూ తప్పించుకునేది మాత్రం తమరే.

ఇంతకీ తమరు చేసేదేమిటి? సలసల కాగుతుంటే గాలి తగులుతుంది, పిండిలోని తడి కలుస్తుంది. తమరి అణువులు విరిగి, ఒకదానికొకటి అతుక్కుని, కొత్త అవతారాలెత్తుతాయి. రంగు ముదురుతుంది, జిగురొస్తుంది, నురగ కడుతుంది, ఇదివరకు పొగ రాని సెగకే పొగ రావడం మొదలవుతుంది. కాచిన కొద్దీ గుండెకు చేటు చేసే ట్రాన్స్ ఫ్యాట్లు కూడా పోగవుతాయి. ఈ చెడు సరుకుకు ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఒక గీత గీసింది. టోటల్ పోలార్ కాంపౌండ్లు, అంటే నూనె కాగి విరిగినప్పుడు పుట్టే పదార్థాలు, 25 శాతం దాటిన నూనె వంటకు పనికిరాదని 2018 జులై నుంచి నిబంధన. అదే ఏడాది వాడేసిన నూనెను సేకరించి బయోడీజిల్‌కు పంపే రూకో అనే పథకం కూడా పెట్టింది. తమరికి లారీ ఇంజన్లో గౌరవప్రదమైన పునర్జన్మ ఏర్పాటు చేశారన్నమాట. తమరేమో సాయంత్రం బజ్జీల బండినే నమ్ముకున్నారు. అక్కడ మూకుడు ఖాళీ చేయడమనే మాటే లేదు. నిన్నటి తమరి మీద ఈరోజు పాకెట్టు పోయడమే. వంశవృక్షం తీస్తే మొదటి తరం ఏ ఏడాదిదో బండివాడికీ గుర్తుండదు. మేమూ తక్కువవాళ్లం కాదు. మిరపకాయ బజ్జీని న్యూస్‌పేపర్లో పెట్టి అటూ ఇటూ అద్ది, "నూనంతా పోయింది" అని నోట్లో వేసుకుంటాం. పోయింది పైపై నూనె, దానికి బదులు కాస్త అచ్చు సిరా అంటింది.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు మాత్రం తమరి మీద మరీ అంత కఠినంగా లేరు. ఒకసారి వేయించిన నూనెను వడగట్టి కూరల్లోకి వాడుకోండి, ఒకటి రెండు రోజుల్లో ముగించండి, మళ్లీ దాంతోనే వేపుళ్లు పెట్టకండి, నిలవ ఉంచకండి అంటారు. న్యాయమైన తీర్పే. 2024లో వాళ్లు వేసిన లెక్కలో రోజుకు 2,000 క్యాలరీలు తినే మనిషికి నూనె, కొవ్వు కలిపి 27 గ్రాములు. నలుగురున్న ఇంటికి నెలకు సుమారు మూడున్నర లీటర్లు. ఈ లెక్క చెప్పినప్పుడు మా వంటింట్లో వినిపించిన నవ్వు ఇంకా ఆగలేదు. 2025లో ప్రధాని రేడియోలో నూనె 10 శాతం తగ్గించమంటే కూడా ఇదే నవ్వు.

అసలు తప్పు తమరిది కాదని నాకో అనుమానం. మా నాయనమ్మ రోజుల్లో గానుగ నుంచి గిద్దెల్లో, సోలల్లో కొలిచి తెచ్చుకునేవారు. మూకుడు పొయ్యెక్కేది పండగకో, పెళ్లికో. అలాంటి ఇంట్లో మిగిలిన నూనెను పారబోస్తే నిజంగానే పాపం. ఆ సూత్రం అలాగే మిగిలింది, పండగలే వారానికి నాలుగైదయ్యాయి. వాన పడితే పండగ, క్రికెట్ మ్యాచ్ ఉంటే పండగ, ఉదయం నడకకు వెళ్లొస్తే దారిలో వడ పండగ. సరుకుల దుకాణం వాడు కూడా సాయం చేస్తున్నాడు. పాకెట్టు మీద ఎర్రటి గుండె బొమ్మ, పక్కనే "కొలెస్ట్రాల్ రహితం" అని గర్వంగా. మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు. రేపు ఉప్పు పాకెట్టు మీద "ఎముకలు లేనిది" అని రాసినా ఆశ్చర్యపోను. ఇక గానుగ నూనె కొన్నవాళ్ల ధీమా వేరు. మూడింతల ధర పెట్టారు కాబట్టి, ఎన్నిసార్లు కాచినా దానికేం కాదని వాళ్ల సిద్ధాంతం.

తమరికి ఉద్వాసన చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. అందుకని చాటుగా ఒక పని చేశాం. బూరెల మూకుడు అటకెక్కించి, లోతుగా ఉండే చిన్న మూకుడు తెచ్చాం. నూనె తక్కువ పడుతుంది. గారెలు వాయికి మూడే వస్తున్నాయి. ఆకలి మీదున్నవాళ్లు ప్లేట్లు పట్టుకుని వంటింటి గుమ్మంలో సణుగుతున్నారు. రెండో వాయికే సగంమంది విసిగి పెరుగన్నం కలుపుకుంటున్నారు. చివరికి తమరు మిగిలేది రెండు గరిటెలు, అది రేపటి పోపుకు సరి. ఎల్లుండికి కూడా ఉంటానంటే పాత కాగితాల్లో ఇంకించి చెత్తబండి ఎక్కిస్తాం. సింకులో పోద్దామని ఒకరన్నారు కానీ, పైపు పూడుకుంటే ప్లంబరుకు డబ్బులివ్వాలని వెంటనే మానుకున్నారు.

ఇట్లు,
తమరి పాత ఖాతాదారు