ఒక్క షేరుతో ఏం అడగాలి

పది షేర్లు కొంటే ఏ రైతైనా సిమెంటు కంపెనీ వార్షిక సమావేశంలో పర్యావరణ తీర్మానం పెట్టొచ్చని ఒక వ్యాసంలో రాశారు. అది కుదరదండీ. 2013 కంపెనీల చట్టం 111వ సెక్షన్ ప్రకారం ఓటు హక్కులో పదో వంతు చేతిలో ఉన్నవాళ్లకే ఆ వీలు. అమెరికాలో 2021లో చమురు కంపెనీ ఎక్సాన్ బోర్డులోకి ముగ్గుర్ని పంపిన పెట్టుబడి ఫండ్ వాటా 0.02 శాతమే. పెద్ద ఫండ్లు తోడొచ్చాయి కాబట్టి నెగ్గింది.

అట్లని ఒక్క షేరు వృథా కాదు, ప్రశ్న అడగొచ్చు. మాట్లాడేవాళ్లు ముందే పేరు నమోదు చేసుకోవాలి. గడువు సమావేశం నోటీసులోనే ఉంటుంది, చాలామంది దాటేసేది అక్కడే.

"కాలుష్యం తగ్గిస్తారా?" అంటే "కట్టుబడి ఉన్నాం" అంటారు, అంతే. కడప జిల్లా ఎర్రగుంట్ల వైపు సిమెంటు బట్టీల్లో వచ్చే కార్బన్ డయాక్సైడ్‌లో సగానికి పైగా సున్నపురాయి కాలినప్పుడు ఆ రాయిలోంచి వచ్చేదే. బొగ్గు మార్చినా, సోలార్ పలకలు పెట్టినా అది తగ్గదు. అందుకే టన్ను సిమెంటులో క్లింకర్ (సున్నపురాయిని బట్టీలో కాలిస్తే వచ్చే ముడిసరుకు) ఎంత, మూడేళ్ల కిందట ఎంత అని అడగండి. పక్కనే థర్మల్ కేంద్రం బూడిద ఉంది, పీపీసీ అనే బూడిద కలిపే రకం సిమెంటులో క్లింకర్‌కు బదులు దాన్ని 35 శాతం దాకా కలపొచ్చు.

నీళ్ల లెక్క బీఆర్‌ఎస్‌ఆర్ నివేదికలో (పర్యావరణం, సామాజిక బాధ్యతలపై కంపెనీ ఏటా ఇచ్చేది) సాధారణంగా కంపెనీ మొత్తానికి కలిపి ఇస్తారు. కడప ప్లాంటుది విడిగా అడగాలి. జవాబు దాటేస్తే తర్వాతి ఏడాది డైరెక్టర్ల పునర్నియామకానికి వ్యతిరేకంగా ఓటేయండి. సమావేశానికి ముందుగా వేసే రిమోట్ ఈ-ఓటింగ్‌ను ముందు రోజు సాయంత్రం 5 గంటలకే మూస్తారు.