నల్ల రబ్బరు వాషరు గారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ ఈపీడీఎం అనే సింథటిక్ రబ్బరు వాషరు గారికి, తమరు వాల్వుల్లో కాపురముండే వైన్ సీసాలు నింపే మెషీన్ దగ్గర పనిచేసేవాడు నమస్కరించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. తమరూ క్షేమమేనని మా రీస్లింగ్ అనే తెల్ల వైన్ వాసన చూసిన ప్రతివాళ్లూ చెబుతున్నారు.

జర్మనీలో, ఈ ఫాల్ట్స్ ప్రాంతంలో చలి మొదలవుతోందంటే తమకు పండగే. క్రిస్మస్ సంతల కోసం గ్లూవైన్ దిగుతుంది. దాల్చినచెక్క, లవంగం వేసిన తియ్యటి వైన్. అది వెళ్లిన నింపే మెషీన్‌లోంచే మర్నాడు ఎవరో చిన్న రైతు రీస్లింగ్ వెళ్లాలి. సొంత మెషీన్ కొనలేక మా దగ్గరికి వచ్చినవాడు.

మేం చేయాల్సిందంతా చేశాం. నీళ్లతో కడిగాం, వేడి కాస్టిక్ సోడా నీళ్లు తిప్పాం, ఆవిరి పట్టాం. స్టీలు గొట్టం అంతా మరిచిపోయింది. తమరు మాత్రం ఇంగువ కట్టిన గుడ్డ.

తమ తెలివి చూడాలంటే చివరి కడుగు నీళ్ల దగ్గరే చూడాలి. గ్లాసులో పట్టి వాసన చూస్తే ఏమీ ఉండదు. ఎందుకుంటుంది? లవంగానికి ఆ వాసననిచ్చే యూజినాల్‌కి నీళ్లతో పెద్దగా పడదు, రబ్బరంటే ప్రాణం. పైపైన అంటుకుని ఊరుకోదు, తమ కడుపులోకే ఇంకిపోతుంది. నీళ్లు ఎంత బతిమాలినా తమరు నోరు విప్పరు. ఆల్కహాల్ ఉన్న వైన్ వచ్చి పలకరిస్తే చాలు, కొంచెం కొంచెం కక్కుతారు. మెషీన్ నడుస్తుంటే ఆ కాస్తా ప్రవాహంలో కొట్టుకుపోతుంది. మేం భోజనానికి వెళ్లామా, వాల్వులో కదలకుండా నిలబడ్డ వైన్‌కి పాత కథలన్నీ చెప్పేస్తారు. తిరిగొచ్చి స్విచ్ వేస్తే మొదటి వరస సీసాల నిండా క్రిస్మస్.

తమకిది సరదా, మాకు టెన్షన్. యూరోపియన్ యూనియన్ 2014లో చేసిన 251వ నిబంధన గ్లూవైన్‌లో దాల్చినచెక్క, లవంగం వేయనిస్తుంది. మామూలు వైన్‌కి ఆ వెసులుబాటు లేదు, బయటి ఫ్లేవర్లు కలపకూడదు. పీచ్ పండు ఫ్లేవరు పానీయం నింపిన రోజు తమరు దాచుకున్న గామా-డెకాలాక్టోన్ అనే పీచ్ వాసన పదార్థం ఆ తర్వాతి వైన్‌లో ల్యాబుకి దొరికిందనుకోండి, "మేం కలపలేదండీ, వాషరు కలిపింది" అని ఇన్‌స్పెక్టరుకి విన్నవించుకోవాలి. ఆయన నవ్వే రకం కాదు.

తమర్ని మార్చమంటే యజమాని గారు "ఇంకా లీకవడం లేదుగా" అంటారు. అదే తమ క్యారెక్టర్ సర్టిఫికెట్! మెషీన్ కొనేటప్పుడు చూసుకోని డబ్బు రబ్బరు ముక్క దగ్గర గుర్తొస్తుంది. పోనీ టెఫ్లాన్ పెడదామా అంటే, అది వాసన తక్కువే పీలుస్తుంది గానీ తమలా సాగి ఒదగదు, ఎక్కడో ఒకచోట కారుతుంది. తమ ధీమా కూడా అదే.

అందుకే ఒక ప్రతిపాదన రాసిచ్చాను. ముందు తెల్ల వైన్లు, తర్వాత ఎర్రవి, అన్నిటికన్నా చివర గ్లూవైన్. అది అవ్వగానే తమర్నీ, ప్రతి వాల్వులో ఉన్న తమ తోబుట్టువుల్నీ ఊడదీసి, పేరు రాసిన డబ్బాలో వేసి మూత పెట్టడం. రబ్బరు గొట్టాలు కూడా తమ వెంటే. వచ్చే ఏడాది మళ్లీ గ్లూవైన్‌కే పిలుస్తాం. రీస్లింగ్‌కి కొత్త సెట్టు. దాని బిల్లు మీద సంతకం ఇంకా పడలేదు. పడేదాకా తమదే రాజ్యం.

ఇట్లు,
తమ విధేయుడు,
భోజనం తర్వాత మొదటి వరస సీసాలు పక్కన పెట్టేవాడు