ముద్ర వాళ్లది, మునక మనది

రోడ్లు, సొరంగాల లాంటి ప్రాజెక్టులకి డబ్బు సమకూర్చి, వాటిని కట్టించే ఫైనాన్స్ సంస్థ ఐఎల్ అండ్ ఎఫ్ఎస్. దాని కథ మొదటి నుంచీ చెప్పను. 2018 సెప్టెంబరు నాటికి చిన్న పరిశ్రమల బ్యాంకు సిడ్బీకి కట్టాల్సిన అప్పు కూడా కట్టలేక చేతులెత్తేసింది, అక్టోబరు 1న కేంద్రం పాత బోర్డును పంపేసి బ్యాంకర్ ఉదయ్ కోటక్‌ని కూర్చోబెట్టింది, తీరా లెక్క తీస్తే పిల్ల కంపెనీలు మూడొందలకు పైనే, మొత్తం అప్పు దాదాపు 99 వేల కోట్లు. కంపెనీలు మునుగుతాయి, అదేం వింత కాదు. ఆ పడవలో తామూ ఉన్నామని తెలియకుండానే మునిగినవాళ్లు ఇంతమంది ఉండటమే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

బ్యాంకులు, మ్యూచువల్ ఫండ్ల సంగతి వదిలేద్దాం, వాళ్ల దగ్గర జీతాలు తీసుకునే నిపుణులున్నారు. నా బాధంతా ఆ కంపెనీ బాండ్లలో, అంటే అప్పు పత్రాల్లో, ఇరుక్కున్న ఉద్యోగుల పీఎఫ్ గురించి. చాలా పెద్ద కంపెనీలకి సొంత పీఎఫ్ ట్రస్టులుంటాయి. మా బంధువు ఒకాయన అలాంటి ట్రస్టులో కొన్నేళ్లు ఉద్యోగుల తరఫున కూర్చున్నారు. బాండ్లు కొనే రోజు వాళ్ల ముందుకొచ్చేది ఒక్క కాగితమేనట: కంపెనీ పేరు, వడ్డీ, గడువు, రేటింగ్ (అప్పు తీర్చగలదా లేదా అని రేటింగ్ సంస్థ వేసే ముద్ర, అందులో అన్నిటికన్నా పైది ట్రిపుల్ ఏ), నాలుగే గడులు. "ఆఖరి గడిలో ట్రిపుల్ ఏ ఉంటే ఇంకేం అడుగుతాం రా, టీ తాగి సంతకం పెట్టి వచ్చేవాళ్లం" అన్నారు. నవ్వొచ్చింది గానీ ఆయన్ని తప్పు పట్టలేను. పీఎఫ్ డబ్బు ఎందులో ఎంత పెట్టాలో ప్రభుత్వమే రాసిచ్చింది, కంపెనీ బాండ్ల దగ్గరికొచ్చేసరికి అది పెట్టిన పెద్ద షరతు రేటింగే. ముద్రను నమ్మమన్నది సర్కారే మరి.

ఆ ముద్ర వేసే సంస్థకి ఫీజు ఇచ్చేదెవరు? అప్పు చేసే కంపెనీయే. పెళ్లికొడుకు గుణగణాలు, వాళ్ల నాన్న డబ్బిచ్చి పంపిన పెళ్లిళ్ల పేరయ్యని అడిగి తెలుసుకున్నట్టు! ఐఎల్ అండ్ ఎఫ్ఎస్‌కి 2018 జులైలో ట్రిపుల్ ఏ, సెప్టెంబరు సగం దాటేసరికి డి, అంటే ఎగవేత. రెండు నెలల్లో ఏమైంది, రోడ్లు కుంగాయా? వాళ్లు కట్టిన చెనాని-నష్రీ సొరంగంలో అప్పుడూ బళ్లు తిరుగుతూనే ఉన్నాయి. రోగం ఏళ్లనాటిది. ఏళ్ల తరబడి టోలు వసూలైతే గానీ తిరిగిరాని ప్రాజెక్టుల్లోకి నెలల్లో తీర్చాల్సిన అప్పులు తెచ్చి పోశారు, సంక్రాంతికి ఇచ్చేస్తానని చేబదులు తెచ్చి కొబ్బరితోట వేసినట్టు. కొత్త అప్పు పుట్టినన్నాళ్లూ అది ఎవరికీ కనబడలేదు. కనబడలేదో, చూడలేదో. షేర్లు, బాండ్ల మార్కెట్లను అదుపు చేసే సెబీ 2019 డిసెంబరులో రేటింగ్ సంస్థలకి తలా 25 లక్షలు జరిమానా వేసింది, అది మరీ తక్కువనిపించి ఇక్రా, కేర్‌లకి తర్వాత కోటికి పెంచింది. 99 వేల కోట్ల మునకకి కోటి! ఇద్దరు అధిపతుల కుర్చీలు పోయాయి, సంస్థలు మాత్రం ముద్రలు వేస్తూనే ఉన్నాయి.

కొత్త బోర్డు కష్టపడింది, అప్పులో 60 శాతం దాకా రాబడతామంది, మన దివాలా కేసుల సగటుతో చూస్తే అది నయమే అంటారు. నయమే, ఒప్పుకుంటా. కానీ ఆ 60 అందరికీ సమానంగా రాదు. తాకట్టు ఉన్నవాడిది ఒక లెక్క, లేనివాడిది ఇంకో లెక్క, ఏ పిల్ల కంపెనీ కాగితం చేతిలో ఉందన్నదాన్ని బట్టి మరో లెక్క. ఈలోపు రిటైరయ్యే తేదీ ఎవరి కోసమూ ఆగదు కదా.

ఇందులో మన హైదరాబాదు ముక్క కూడా ఉంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కలు దొంగవని ఒప్పుకుంటూ రామలింగరాజు రాసిన ఉత్తరం బయటపడ్డాక, వాళ్ల కుటుంబ నిర్మాణ కంపెనీ మేటాస్ ఇన్‌ఫ్రాను ఆదుకోవడానికి వచ్చింది ఈ ఐఎల్ అండ్ ఎఫ్ఎస్సే. హమ్మయ్య అనుకున్నాం. దాని వెనక పాతిక శాతం వాటాతో ఎల్ఐసీ ఉంది, ఎల్ఐసీ ఉందంటే సర్కారు ఉన్నట్టే అని మనకో గుడ్డి లెక్క.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. జనం దగ్గర డిపాజిట్లు తీసుకున్న అగ్రిగోల్డ్ మునిగినప్పుడు ఏమన్నాం? ఆశపోతులు, వడ్డీకి కక్కుర్తి పడ్డారు, చదువులేని జనం అన్నాం. దాదాపు 32 లక్షల మంది డబ్బు అది, కూలీలు, ఆటోవాళ్లు, చిన్న కొట్లవాళ్లు ఏజెంటు చేతికి విడతలవారీగా ఇచ్చింది. ఆ ఏజెంటు ఊరివాడే, చాలాసార్లు చుట్టమే. ఆటో అతను మేనమామ కొడుకుని నమ్మాడు, ట్రస్టీగారు రేటింగు గడిని నమ్మారు, బ్యాలెన్స్ షీట్ ఇద్దరూ తెరవలేదు. అతనిది దురాశ అయింది, ఈయనది సిస్టమిక్ రిస్క్, అంటే వ్యవస్థ మొత్తానికీ వచ్చిన ముప్పు, అయింది. అగ్రిగోల్డ్ ఏజెంట్లలో ఊళ్లో మొహం చూపించలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. ముద్ర వేసినవాళ్లకి ఆ ఊరూ లేదు, ఆ మొహమాటమూ లేదు.

మీ కంపెనీది సొంత ట్రస్టు అయితే, మీ డబ్బు ఏ బాండ్లలో ఉందో జాబితా ఇమ్మని ఓసారి అడిగి చూడండి. మా బంధువు ఉన్న అన్నేళ్లలో అడిగినవాళ్లు ఇద్దరేనట. అందులో ఒకాయన పిల్ల పెళ్లికి పీఎఫ్ అడ్వాన్సు ఫారం కోసం వచ్చి, పొరపాటున అడిగాడట.