పళ్లు లేని రైలు

అమ్మానాన్నలు విజయవాడ నుంచి మ్యూనిక్‌లో మా ఇంటికి వచ్చి నెల దాటింది. జులైలో అయిదుగురం కలిసి ఆల్ప్స్ కొండలు దాటి ఉత్తర ఇటలీ చూసి రావాలని అనుకున్నాం. అనుకున్నది నేనూ మా ఆవిడా. ఆ తర్వాత ఆ పని మా చేతుల్లోంచి జారిపోయింది. నాన్న స్టేషన్ మాస్టరుగా రిటైరయ్యారు. ప్రయాణం అనే మాట చెవిన పడితే చాలు, ఆయనకు మళ్లీ ఉద్యోగం వచ్చినట్టే.

శనివారం పొద్దున భోజనాల బల్ల మీద స్టీలు స్కేలు, ఎర్ర పెన్ను, నీలం పెన్ను పెట్టుకుని నోటుపుస్తకంలో గళ్లు గీశారు. రైలు, బయలుదేరు సమయం, చేరు సమయం, ప్లాట్‌ఫారం, చివరన "ఆలస్యం". ఎదురుగా అమ్మ బీన్స్ ఈనెలు తీస్తోంది. నేను పక్క గదిలో ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను. తలుపు కావాలనే తెరిచి ఉంచాను.

అమ్మ: ఆ చివరి గడి ఎందుకండీ? రైళ్లు ఆలస్యంగా వస్తాయా?

నాన్న: అది రైళ్లకు కాదు, నీకు.

అమ్మ: నాకా!

నాన్న: పెళ్లయి నలభై ఒక్క ఏళ్లు. నువ్వు గడప దాటడానికి ఎప్పుడూ 25 నిమిషాలు ఎక్కువే. తాళం వేశాక గ్యాస్ కట్టేశామా అని ఒకసారి లోపలికి, పెరటి తలుపు వేశామా అని ఇంకోసారి.

అమ్మ: మరి చూడాలి కదా! అన్నవరం వెళ్లినప్పుడు పాలగిన్నె పొయ్యి మీద వదిలేసింది ఎవరు?

నాన్న: ఆ కేసు ఎప్పుడో మూసేశాం.

అమ్మ: మీరు మూసేశారు. గిన్నె ఇంకా నల్లగానే ఉంది.

నాన్న: సరే, విను. మొదటి రోజు ఇక్కడ ఎక్కుతాం. ఇన్స్‌బ్రుక్ మీదుగా బ్రెన్నర్ కనుమ. 1,370 మీటర్లు. ఆల్ప్స్ దాటే పెద్ద దారుల్లో ఎత్తు తక్కువది. అటు రైలు 1867లోనే వేశారు. ఇప్పుడు కొండ అడుగున 55 కిలోమీటర్ల సొరంగం తవ్వుతున్నారు.

అమ్మ: అయితే అది పూర్తయ్యాక వెళ్దాం.

నాన్న: సొరంగంలోంచి ఆల్ప్స్ ఏం కనిపిస్తాయి? 55 కిలోమీటర్లు చీకటే!

అమ్మ: చీకటైతే మీరు కాసేపు మాట్లాడకుండా పడుకుంటారని.

ఇక్కడ మా ఆవిడ వంటగదిలోంచి ఒక మాట విసిరింది. కారు అద్దెకు తీసుకుంటే స్టెల్వియో కనుమ మీదుగా పోవచ్చు, 2,757 మీటర్లు, ఉత్తరం వైపునుంచి ఎక్కితే 48 హెయిర్‌పిన్ మలుపులు, ప్రతి మలుపుకూ నంబరు బోర్డు కూడా ఉంటుంది అని. నంబరు బోర్డులనగానే నాన్న కళ్లు మెరిశాయి. అమ్మ మాత్రం తిరుమల ఘాట్ రోడ్డులో కొండ దిగేదాకా నిమ్మకాయ ముక్కు దగ్గరే పెట్టుకునే మనిషి. "నలభై ఎనిమిది మలుపులకు ఎన్ని నిమ్మకాయలమ్మా?" అంది. కారు సంగతి అంతటితో సరి.

నాన్న: బ్రెన్నర్ దిగితే బోల్జానో. అక్కడ ఆగుతాం. ఏట్సీని చూడాలి.

అమ్మ: ఎవరాయన? మనవాడి స్నేహితుడా?

నాన్న: కాదే. మంచు మనిషి. 5,300 ఏళ్ల నాటివాడు. మంచులో కూరుకుపోయి అలాగే ఉండిపోయాడు. 1991లో దొరికాడు. మ్యూజియంలో మైనస్ 6 డిగ్రీల చలిలో ఉంచారు. గోడకు చిన్న కిటికీ ఉంటుంది, అందులోంచి చూడాలి.

అమ్మ: (చేతిలో బీన్స్ గిన్నె పక్కన పెట్టేసి) శవమా?

నాన్న: శవం అనకు. పురావస్తువు.

అమ్మ: ప్రాణం పోయిన మనిషిని శవమనే అంటారు. శవాన్ని చూడటానికి టికెట్టు కొనడమేమిటండీ? చూశాక తలస్నానం చేయాలి. హోటల్లో వేడినీళ్లు వస్తాయో రావో.

నాన్న: 5,300 ఏళ్లకు మైల ఏమిటి? పదకొండు రోజులకే తీరిపోతుంది!

అమ్మ: దహనం అయ్యాక లెక్క. ఆయనకు దహనమే కాలేదు. ఆ లెక్కన మైల ఇంకా నడుస్తూనే ఉన్నట్టు.

నాన్న పెన్ను కింద పెట్టి ఒక నిమిషం ఆలోచించారు. నేను కూడా ఆలోచించాను. ఆ వాదనలో తప్పెక్కడుందో ఈ రోజుకీ నాకు తెలియలేదు.

నాన్న: సరే, స్నానానికి 40 నిమిషాలు రాస్తున్నాను. ఇంకో సంగతి తెలుసా? ఆయన్ను కనిపెట్టింది ఎవరనుకున్నావు? కొండ ఎక్కడానికి వెళ్లిన భార్యాభర్తలు. గుర్తులు పెట్టిన దారి వదిలి అడ్డదారిన పోతుంటే కనిపించాడు.

అమ్మ: అడ్డదారి పట్టించింది ఆయనే అయి ఉంటాడు. ఆవిడ "వద్దండీ" అని చెప్పే ఉంటుంది.

నాన్న: మొదట ఆస్ట్రియావాళ్లు తమ వైపే దొరికాడనుకున్నారు. తర్వాత సరిహద్దు కొలిస్తే ఇటలీలోకి 92 మీటర్ల 56 సెంటీమీటర్లు వచ్చింది. అందుకే బోల్జానోలో ఉన్నాడు.

అమ్మ: మీ అన్నదమ్ముల పొలం గట్టు కంటే బాగా తేల్చారు.

నాన్న: ఒంటి మీద 61 పచ్చబొట్లున్నాయట. అలంకారానికి కాదు. నడుము దగ్గర, మోకాలి దగ్గర, చీలమండల దగ్గర చిన్న చిన్న గీతలు. నొప్పులకు వైద్యంగా పొడిపించుకుని ఉంటాడని అంటున్నారు.

అమ్మ: మోకాలి దగ్గరా?

నాన్న: ఆ. కీళ్లు అరిగిపోయాయట పాపం.

అమ్మ: (తన మోకాలు రాసుకుంటూ) ఏమంత వయసు?

నాన్న: నలభై అయిదుకు అటూ ఇటూ. వెనకనుంచి ఎవరో బాణం వేశారు. భుజంలో ఇంకా ఉంది దాని ముక్క. దగ్గర రాగి గొడ్డలి, ఎలుగుబంటి తోలు టోపీ అన్నీ దొరికాయి.

అమ్మ: అయ్యో. అరిగిపోయిన మోకాళ్లతో అంత కొండ ఎక్కితే వెనకనుంచి కొట్టారా? వెళ్దాంలెండి. ఒకసారి దణ్ణం పెట్టుకుని వద్దాం.

బోల్జానో ఆ విధంగా ఖాయమైంది. వెరోనా రెండు నిమిషాల్లో తేలింది. రెండువేల ఏళ్ల నాటి రోమన్ రంగస్థలం అని నాన్న అంటే, "కూర్చోవడానికి చోటుంటుంది కదా, చాలు" అంది అమ్మ. ఆ రంగస్థలం అంతా కూర్చోవడానికే కట్టారని ఆమెకు తెలియకపోయినా, మాట సరిగ్గా సరిపోయింది. వెనిస్ దగ్గర మళ్లీ ఆగిపోయారు.

నాన్న: వెనిస్‌లో గొండోలా ఎక్కాలంటే పగటిపూట అరగంటకు 90 యూరోలు. అయిదుగురు కూర్చోవచ్చు.

అమ్మ: అంటే నిమిషానికి మూడు యూరోలు. మూడు వందల రూపాయలు! కృష్ణలో పడవ ఎక్కి భవానీ ద్వీపం చుట్టి వచ్చినా అంత కాదు.

నాన్న: అది కృష్ణ, ఇది వెనిస్.

అమ్మ: కృష్ణలో మునిగితే పుణ్యమైనా వస్తుంది.

నాన్న: మునగడానికి ఎవరు వెళ్తున్నారు?

అమ్మ: మీరు పడవలో లేచి నిలబడి ఫొటో తీస్తారు. నాకు తెలియదా? పైగా అక్కడ కార్లు లేవట, అడుగడుగునా వంతెనలేనట, ప్రతి వంతెనకూ మెట్లేనట. కోడలు చెప్పింది. నా పెట్టె మోసేది ఎవరు?

నాన్న: నీ పెట్టెలో ఏముంటుందో ముందు చెప్పు.

అమ్మ: ఏముంటుంది? నాలుగు చీరలు, ఒక స్వెటరు. ఆవకాయ, గోంగూర, కందిపొడి, చిన్న రైస్ కుక్కరు, అయిదు కిలోల బియ్యం.

నాన్న: ఇటలీకి బియ్యం మోసుకెళ్తావా! యూరప్‌లో అందరికంటే ఎక్కువ వరి పండించేది వాళ్లే. మిలాన్‌కు పడమరగా వెర్చెల్లి, నొవారా అంతా మడులే. మన గోదావరి జిల్లాల్లా ఉంటుంది. మిలాన్‌లో కుంకుమపువ్వు వేసి పసుపుపచ్చగా అన్నం వండుతారు, రిసోట్టో అని.

అమ్మ: కుంకుమపువ్వా? బాగానే ఉంటుందేమో.

నాన్న: (గొంతు తగ్గించి) అందులో ఎముకల మూలుగ వేస్తారు.

అమ్మ: అది చివర్లో చెబుతారా!

నాన్న: వేయకుండా చేయమని అడగాలి. జున్ను సంగతి కూడా అడగాలి. వాళ్ల పార్మెజాన్ జున్ను కోసం పాలను దూడ కడుపులోంచి తీసిన పదార్థంతో విరగ్గొడతారు.

అమ్మ: ఇక నేను తినేదేమిటి అక్కడ?

నాన్న: పొలెంటా ఉంది. ఆ కొండల కిందంతా అదే తిండి. మొక్కజొన్న పిండిని వేడినీళ్లలో పోసి గరిటెతో గంటసేపు కలియబెడతారు.

అమ్మ: అంటే సంకటి.

నాన్న: సంకటి కాదు. పొలెంటా.

అమ్మ: పిండి నీళ్లలో పోసి గంటసేపు కలియబెడితే సంకటే. మొక్కజొన్న సంకటి. ఇక్కడిదాకా వచ్చి సంకటి తినమంటారు, దానికి బల్ల దగ్గర కూర్చున్నందుకు మనిషికింత అని వేరే డబ్బు తీసుకుంటారు. అదీ కోడలే చెప్పింది.

నాన్న: కాఫీ అయితే కౌంటరు దగ్గర నిలబడి తాగితే తక్కువ, కూర్చుంటే ఎక్కువ. మనం నిలబడి తాగుదాం.

అమ్మ: ఆ ఏట్సీగారికి చెప్పండి నిలబడమని. నా మోకాళ్లు వినవు.

కుక్కరు ఖాయం, బియ్యం రెండు కిలోలకు రాజీ. గొండోలా ఎక్కేది మా అమ్మాయి ఒక్కతే అని తీర్మానించారు. అరగంట అద్దె మొత్తం పడవది, మనిషికి కాదు అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఊరుకున్నాను. ఎందుకంటే నాన్న అప్పటికే ఎర్ర పెన్ను తీశారు. ఎర్ర పెన్ను ముఖ్యమైన రైళ్లకు.

నాన్న: ఇప్పుడు అసలుది. తిరుగు ప్రయాణం. మిలాన్ నుంచి కోమో సరస్సు ఒడ్డు వెంబడే పోయి తిరానో ఊరు. అక్కడ మొదలవుతుంది స్విట్జర్లాండులోకి పోయే బెర్నీనా లైను. 1910లో పూర్తయింది. తిరానో 429 మీటర్లు. అక్కడి నుంచి 2,253 మీటర్లదాకా ఎక్కుతుంది. వెయ్యి మీటర్లకు 70 మీటర్ల ఎత్తు! మన ఊటీ రైలుకు మధ్యలో పళ్ల పట్టా ఉంటుంది కదా, ఇంజనులో పళ్లచక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. దీనికి అదీ లేదు. పళ్లు లేకుండానే కొండ ఎక్కే రైలు!

అమ్మ: మీకూ పళ్లు లేవు. రెండో అంతస్తు ఎక్కితే ఆయాసం.

నాన్న: (విననట్టు) బ్రూజియో దగ్గర తొమ్మిది కమానుల వంతెన మీద గుండ్రంగా తిరిగి, తన కిందనుంచి తానే దూరి వస్తుంది. పైన రెండు చెరువులు, ఒకటి నల్ల చెరువు, ఒకటి తెల్ల చెరువు. పక్కపక్కనే. నల్ల చెరువు నీళ్లు డాన్యూబ్‌లో కలిసి నల్ల సముద్రానికి పోతాయి, తెల్ల చెరువు నీళ్లు పో నదిలో కలిసి వెనిస్ సముద్రానికి.

అమ్మ: పక్కపక్కనే ఉండి చెరో దారా? మనలాగే.

నాన్న: బెర్నీనా ఎక్స్‌ప్రెస్‌లో సీట్లు ముందే రిజర్వు చేయాలి. పైకప్పు అంచుదాకా అద్దాలే.

అమ్మ: కిటికీ తెరుచుకుంటుందా?

నాన్న: అంత పెద్ద అద్దం ఉంటే తెరవడం ఎందుకు?

అమ్మ: అద్దం ఎంత పెద్దదని అడగలేదు. తెరుచుకుంటుందా అని అడిగాను. అరకు వెళ్లినప్పుడు మీరు ఇలాగే అద్దాల పెట్టె ఎక్కించారు. గాలి లేదు, అడవి వాసన లేదు. ఫొటోలు చూసుకుంటే ప్రతి లోయ మీదా మీ బట్టతల, పున్నమి చంద్రుడిలా.

నాన్న: అది అద్దంలో ప్రతిబింబం!

అమ్మ: తొమ్మిది ఫొటోల్లో ఉంది. మా చెల్లెలు ఇంకా అడుగుతోంది, అనంతగిరిలో ఆ గుండు ఎవరిదని.

అప్పటికి బట్టలు అయిపోయాయి. నేను బయటికి వచ్చి, నోరు ఊరుకోక ఉన్నమాట చెప్పాను. ఎక్స్‌ప్రెస్ అద్దాలు తెరుచుకోవు. అదే పట్టాల మీద మామూలు రైళ్లు కూడా నడుస్తాయి. వాటికి రిజర్వేషను అక్కర్లేదు, సీటుకు అదనపు డబ్బు లేదు, తెరుచుకునే కిటికీలున్న పెట్టెలుంటాయి. ఎండాకాలంలో కొన్నింటికి పైకప్పే లేని పసుపుపచ్చ పెట్టెలు కూడా తగిలిస్తారు. అదే వంతెన, అవే చెరువులు.

నాన్న నా వైపు చూసిన చూపు, తప్పు సిగ్నల్ ఇచ్చిన పాయింట్స్‌మన్‌ను చూసినట్టుంది. ముప్పై ఆరేళ్లు పాసెంజరును లూప్ లైనులో నిలబెట్టి ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇచ్చిన మనిషి. ఆయన చేత ఎక్స్‌ప్రెస్‌ను కొట్టేయించి పాసెంజరు రాయించడం చిన్న విషయం కాదు. స్కేలు పెట్టి మరీ కొట్టేశారు. పక్కన నీలం పెన్నుతో "పాసెంజరు" అని రాశారు. అమ్మ లేచి వచ్చి ఆ గడి చూసుకుని, తృప్తిగా మళ్లీ కూర్చుంది.

అమ్మ: పైన ఎంత ఎత్తన్నారు?

నాన్న: 2,253.

అమ్మ: అయితే మీ మంకీ క్యాప్ నా పెట్టెలో పెడుతున్నాను.

నాన్న: జులైలో మంకీ క్యాపా! స్విట్జర్లాండు వాళ్ల ముందు! నేను పెట్టుకోను.

అమ్మ: కిటికీ తెరిస్తే చలిగాలి నేరుగా చెవిలోకే. పెట్టుకోకపోతే కిటికీ తెరవనివ్వను.

నాన్న: తెరవని కిటికీ కోసమా నా చేత ఎక్స్‌ప్రెస్ కొట్టేయించావు!

అమ్మ: ఆ ఏట్సీగారికి కూడా ఎలుగుబంటి తోలు టోపీ ఉందన్నారు కదా. ఆయన పెట్టుకోలేదా?

నాన్న: పెట్టుకుని ఏం బావుకున్నాడు?