అత్త మీద కోపం దుత్త మీదా?

రష్యా చమురు కొనే దేశాల సరుకు మీద కనీసం 500 శాతం సుంకం. రిపబ్లికన్ సెనేటర్ లిండ్సే గ్రాహమ్, డెమొక్రాట్ రిచర్డ్ బ్లూమెంథాల్ కలిసి 2025 ఏప్రిల్‌లో అమెరికా సెనేట్‌లో పెట్టిన బిల్లులో ఉన్న మాట ఇది. వందమంది సభ్యుల సభలో ఎనభై మందికి పైగా దానికి మద్దతుగా సంతకాలు చేశారు. శాంతి చర్చలకు రష్యా రాకపోయినా, కుదిరిన ఒప్పందాన్ని మీరినా ఆ దేశపు చమురు, గ్యాస్, యురేనియం తెలిసి కొన్నవాళ్లందరికీ ఈ దెబ్బ తగులుతుంది. ఎవరికి మినహాయింపు ఇవ్వాలో మాత్రం అమెరికా అధ్యక్షుడి ఇష్టం.

ఉక్రెయిన్ మీద రష్యా చేస్తున్నది దురాక్రమణ. అందులో మాకు రెండో మాట లేదు. 2022 ఫిబ్రవరి 24 నుంచి అక్కడి ఇళ్ల మీద, ఆస్పత్రుల మీద, చలికాలంలో కరెంటు కేంద్రాల మీద క్షిపణులు పడుతూనే ఉన్నాయి. వాటి ఖర్చులో చమురు డబ్బు ఉంది. కాబట్టి ఆంక్షలు అనగానే తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు. వర్ణవివక్ష పాలన మీద 1986లో అమెరికా కాంగ్రెస్, అప్పటి అధ్యక్షుడు రీగన్ వీటోను సైతం తోసిపుచ్చి చట్టం చేసింది. దక్షిణాఫ్రికా బొగ్గు, యురేనియం, ఇనుము కొనడం మానేసింది, ఆ దేశానికి ముడిచమురు అమ్మడమూ ఆపింది. ముందు తన వ్యాపారాన్ని తాను వదులుకుంది. 2022లో రష్యా చమురు దిగుమతిని నిషేధించిన చట్టమూ ఆ కోవలోదే. ప్రతినిధుల సభలో 414–17, సెనేట్‌లో 100–0 ఓట్లతో నెగ్గింది. అంతకుముందు ఏడాది అమెరికా తెచ్చుకున్న పెట్రోలియంలో రష్యా వాటా 8 శాతం దాకా మాత్రమే, అంటే వదులుకున్నది పెద్దగా ఏమీ కాదు. అయినా వదులుకున్నది తనది.

ఇప్పటి బిల్లు అలాంటిది కాదు. తప్పు చేసింది మాస్కో, మూల్యం చెల్లించాల్సింది కొనుగోలుదారులు. పైగా ఆ కొనుగోళ్లకు దారి వేసింది ఎవరు? రష్యా చమురు ఒక్కసారిగా మార్కెట్‌లోంచి మాయమైతే ధరలు మండిపోతాయన్న భయంతోనే అమెరికా సహా సంపన్న దేశాల కూటమి జీ–7 2022 డిసెంబరులో బ్యారెల్‌కు 60 డాలర్ల గరిష్ఠ ధర పెట్టింది. చమురు పారుతూనే ఉండాలి, రష్యాకు లాభం మాత్రం తగ్గాలి అన్నది లెక్క. ఆ ధరకు భారత్ కొనాలనే తాము కోరుకున్నామని అప్పటి అమెరికా రాయబారి ఎరిక్ గార్సెట్టి 2024 మేలో బాహాటంగానే చెప్పారు. ఏడాది తిరిగేసరికి అదే కొనుగోలు నేరమైంది. 2025 ఆగస్టులో మన సరుకు మీద అదనంగా 25 శాతం వేసి మొత్తం 50 చేశారు. మనకన్నా ఎక్కువ కొనే చైనాపై ఆ వడ్డన లేదు. 2024లో రష్యా నుంచి 1.65 కోట్ల టన్నుల ఎల్‌ఎన్‌జీ (ద్రవరూప సహజవాయువు) తెచ్చుకున్న ఐరోపా జోలికీ పోలేదు. మనిషిని బట్టి మారే శిక్షను చట్టం అనలేం.

ఈ దెబ్బలు ఎక్కడ తగులుతాయో దగ్గర్నుంచి చూస్తే తెలుస్తుంది. గుజరాత్‌లో వాడినార్ రిఫైనరీని నడిపే నయారా ఎనర్జీలో రష్యా కంపెనీ రాస్‌నెఫ్ట్‌కు 49.13 శాతం వాటా ఉంది. 2025 జులైలో ఐరోపా సమాఖ్య నయారాను ఆంక్షల జాబితాలో పెట్టింది. కొద్దిరోజులకే ఆ కంపెనీ ఉద్యోగులు ఆఫీసులో మెయిల్ తెరవబోతే తెరుచుకోలేదు. డబ్బు కట్టి వాడుకుంటున్న సేవను మైక్రోసాఫ్ట్ ఆపేసింది. కంపెనీ ఢిల్లీ హైకోర్టు తలుపు తట్టాకే అది తిరిగి వచ్చింది. దేశపు శుద్ధి సామర్థ్యంలో 8 శాతం ఉన్న రిఫైనరీ, ఎక్కడో బ్రస్సెల్స్‌లో పెట్టిన సంతకంతో తన ఉత్తరాలు తాను చదువుకోలేని స్థితికి వచ్చింది.

గోదావరి జిల్లాల్లో, అమెరికాకు ఎగుమతయ్యే వనామీ రొయ్యల చెరువు గట్టున నిలబడ్డ రైతు సంగతి ఇంకా కష్టం. సుంకం 50 శాతానికే, చెరువు పట్టే సమయానికి కౌంట్ ధర (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన కట్టే రేటు) తగ్గించి అడిగారు. రొయ్య పెరిగాక ఆగదు, మేత ఖర్చూ కరెంటు బిల్లూ ఆగవు. అడిగిన రేటుకు ఇచ్చేయాల్సిందే. 500 శాతమంటే పది డాలర్ల సరుకు మీద యాభై డాలర్ల పన్ను. అప్పుడిక బేరమే ఉండదు. రిఫైనరీ ఏ దేశపు ముడిచమురు కొందో ఆ రైతును అడిగి కొనలేదు కదా.

ఢిల్లీకీ ఒక ప్రశ్న ఉంది. 140 కోట్ల మందికి చవకగా ఇంధనం అందించడానికే రష్యా చమురు కొన్నామని ప్రభుత్వం చెబుతోంది. యుద్ధానికి ముందు 2 శాతం కూడా లేని ఆ దిగుమతి 2023–24 నాటికి మూడో వంతు దాటింది. కానీ 2022 మే నుంచి 2024 మార్చి దాకా ఢిల్లీలో పెట్రోలు లీటరు 96.72 రూపాయల దగ్గరే ఉంది. ఎన్నికల ముందు తగ్గించింది రెండు రూపాయలు. మొదట్లో నష్టాలు వచ్చాయన్న కంపెనీల మాట నిజమే. అయితే 2023–24లో మూడు ప్రభుత్వ చమురు కంపెనీల లాభం కలిపి 80 వేల కోట్ల రూపాయలు దాటింది. జనం పేరు చెప్పి కొన్న చమురుకు ఇప్పుడు టెన్షన్ పడేది మాత్రం జనమే.

ఈ బిల్లును ప్రభుత్వం గట్టిగా ఎదిరించాలి. ఏ దేశంతో ఎంత వ్యాపారం చేయాలో వాషింగ్టన్ సభలో తేలడానికి వీల్లేదని పార్లమెంటులోనే చెప్పాలి. ఉక్రెయిన్ విషయంలో ఐక్యరాజ్యసమితిలో తటస్థంగా కూర్చుంటూ వస్తున్న మనం, ఆ దురాక్రమణను దురాక్రమణ అనడానికీ వెనకాడకూడదు. ఈ రెండు మాటలూ ఒకే నోటితో చెప్పొచ్చు. అలాగే రాయితీ చమురు మీద ఇప్పటిదాకా ఏటా ఎంత మిగిలిందో, అందులో వినియోగదారుకు ఎంత చేరిందో లెక్క సభ ముందు పెట్టాలి. సుంకాల దెబ్బ తగిలిన రొయ్య రైతుకు, చేనేత, వస్త్ర కార్మికులకు ఆ మిగులులోంచి ఎంత ఇస్తారో కూడా ఆ లెక్కలోనే చూపాలి.